బ్లాట్ చదవడం నేర్చుకుందాం, 4వ భాగం: అడినోవైరస్ మాయం చేసిన బ్యాండ్

పోయిన మూడు భాగాల్లో జెల్ మీద ప్రొటీన్లు సైజుని బట్టి ఎట్లా విడిపోతాయి, యాంటీబాడీ ఎట్లా అతుక్కుంటుంది, బ్యాండ్ ముదురుగా ఉంటే ఏంటి లేతగా ఉంటే ఏంటి అన్నవి చూశాం కదా. ఈసారి నుంచి అసలు పని మొదలు. ఒక నిజమైన ప్రశ్న పట్టుకుని, వెస్టర్న్ బ్లాట్ (కణంలో ఒక ప్రొటీన్ ఎంతుందో బ్యాండ్‌గా చూపించే పరీక్ష) బొమ్మ ముందేసుకుని, దాన్నుంచి ఎంతవరకు చెప్పొచ్చు, ఎక్కడ ఆగిపోవాలి అన్నది ప్రాక్టీస్ చేద్దాం. ఒక తెల్ల కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి, ఊరికే చదువుకుంటూ పోతే రాదిది, గీస్తేనే వస్తుంది.

ప్రశ్న ఏంటంటే, వైరస్ మన కణంలోకి వచ్చాక కణానికున్న డీఎన్ఏ రిపేర్ ఏర్పాటుని ఏం చేస్తుంది, ఎందుకు చేస్తుంది. అన్ని వైరస్‌లూ ఒకేసారి వద్దు, అడినోవైరస్ 5 ఒక్కటి చాలు. అడినోవైరస్‌లంటే జలుబు, గొంతు నొప్పి, కళ్ళకలక తెచ్చే కుటుంబం, 1953లో పిల్లల గొంతు వెనక ఉండే అడినాయిడ్స్ ముక్కల్లో మొదట బయటపడింది కాబట్టి ఆ పేరు. దీని డీఎన్ఏ దాదాపు 36 వేల బేస్ జతల పొడవు, గుండ్రంగా ఉండదు, రెండు కొసలున్న తిన్నని దారం. ఈ "రెండు కొసలు" అన్న మాట కింద గీత గీసుకోండి, ఇవాళ్టి పాఠమంతా దాని మీదే నడుస్తుంది.

ఎందుకంటే మన కణానికి డీఎన్ఏ కొస కనబడటం అంటేనే భయం. మన క్రోమోజోముల అసలు చివర్లకి టెలోమియర్ అనే కప్పు ఉంటుంది, అది కాకుండా ఇంకెక్కడ కొస కనబడినా దారం తెగిందనే కణం లెక్క. మగ్గం మీద పోగు తెగితే నేసేవాళ్ళు చటుక్కున ఆపి రెండు కొసలూ వేళ్ళతో పట్టి అతుకుతారు చూడండి, అట్లాంటి పనివాళ్ళు కణంలోనూ ఉన్నారు. అందులో ముందు చేరుకునేది ఒక ముగ్గురి జట్టు, ఎమ్ఆర్ఈ11, ర్యాడ్50, ఎన్‌బీఎస్1, మూడూ కలిపి ఎమ్ఆర్ఎన్ అంటారు. ఈ జట్టు కొసని పట్టుకుని ఏటీఎమ్ అనే కైనేజ్‌ని పిలుస్తుంది, అదొచ్చి చుట్టూ ఉన్న బోలెడన్ని ప్రొటీన్లకి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, దాంతో కణ విభజన ఆగుతుంది, అతికే పని మొదలవుతుంది. వీటిలో ఒక్కటి పుట్టుకతో పాడైనా మనిషి ఎంత దెబ్బతింటాడో తెలిస్తే వీటి విలువ అర్థమవుతుంది. ఎన్‌బీఎస్1 జీన్ రెండు కాపీలూ పాడైన పిల్లల్లో తల చిన్నదిగా ఉంటుంది, రోగనిరోధక శక్తి తక్కువ, లింఫోమా ప్రమాదం ఎక్కువ, దాన్నే నైమేగెన్ బ్రేకేజ్ సిండ్రోమ్ అంటారు. ఏటీఎమ్ పాడైతే అటాక్సియా టెలాంజియెక్టేసియా, నడక తూలిపోవడంతో మొదలవుతుంది.

ఇప్పుడు వైరస్ డీఎన్ఏ న్యూక్లియస్‌లోకి వచ్చింది, కాపీలు అవుతోంది, ఒక్కో కాపీకి రెండేసి కొసలు. ప్రతి కొసకీ వైరస్ తన సొంత ప్రొటీన్ ఒకటి గట్టిగా అంటించుకునే ఉంటుంది, అయినా కణం ఊరుకోదు, తెగిన పోగులే అనుకుని ఒకదాని కొస ఇంకోదానికి అతికేస్తుంది. 36 వేలది కాస్తా 72 వేలు, లక్షా 8 వేలు, అట్లా పొడుగాటి గొలుసు. వైరస్ డబ్బాలో, అంటే క్యాప్సిడ్‌లో, తన మామూలు పొడవు మీద ఇంకో 5 శాతం ఎక్కువ వరకు పడుతుంది, అంతకి మించితే పట్టదు. పైగా కాపీ మొదలయ్యే చోట్లు కూడా ఆ కొసల్లోనే ఉన్నాయి, వాటిని కొరికేసి అతికేస్తే ఇక కాపీలూ సరిగ్గా కావు. కాబట్టి వైరస్‌కి ఈ అతికేవాళ్ళ చేతులు కట్టేయడం చావుబతుకుల సమస్య. నాకు ఈ సబ్జెక్ట్ మీద ఇంత ఇష్టం ఏర్పడింది సరిగ్గా ఇక్కడే, రిపేర్ అనేది మంచి పని అని మనం చదువుకుంటాం, అదే పని వైరస్ వైపు నుంచి చూస్తే దాని వంశాన్ని ఆపేసే ఆయుధం.

సరే, పెన్సిల్ తీయండి. మొదటి బొమ్మ.

అడ్డంగా ఐదు గళ్ళు గీయండి, ఇవి లేన్లు. ఎడమ నుంచి: వైరస్ పెట్టని కణాలు (వీటిని మాక్ అంటారు), తర్వాత వైరస్ పెట్టిన 6, 12, 24, 36 గంటలకి తీసిన కణాలు. నిలువుగా మూడు వరసలు. పైన ఎమ్ఆర్ఈ11, 80 కిలోడాల్టన్ల (ప్రొటీన్ సైజు కొలత) దగ్గర. మధ్యలో వైరస్ ప్రొటీన్ 55కే, దాని పూర్తి పేరు ఈ1బీ-55కే, మనం పొట్టిగా పిలుచుకుందాం. కింద ట్యూబ్యులిన్, 50 దగ్గర, ఇది కణం సొంత ప్రొటీన్, అన్ని లేన్లలో ప్రొటీన్ సమానంగా వేశామా అని సరిచూసుకోవడానికి. ఇది పాఠం కోసం నేను తయారుచేసిన నమూనా, కానీ తీరు మాత్రం నిజంగా జరిగేదే. ఎమ్ఆర్ఈ11 వరసలో మొదటి రెండు లేన్లలో దట్టంగా నలుపు పూయండి, మూడోదాంట్లో కొంచెం లేతగా, నాలుగులో చార లాగా, ఐదులో ఖాళీ. 55కే వరసలో మొదటిది ఖాళీ, రెండులో సన్నగా, ఆ తర్వాత మూడూ దట్టం. ట్యూబ్యులిన్ ఐదింట్లోనూ ఒకేలా.

ఇప్పుడు చదవాలి. ఎప్పుడైనా సరే కింద వరస ముందు చదవండి, పైది కాదు. ట్యూబ్యులిన్ సమానంగా ఉందా లేదా అన్నది చూడకుండా పైన ఖాళీ గురించి నోరెత్తకూడదు. ఇది నాకు బాగా తగిలిన పాఠం. ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ చేసేటప్పుడు ఒక రోజు నా బ్లాట్‌లో చివరి లేన్ తెల్లగా వచ్చింది, ప్రొటీన్ పోయిందని రాత్రంతా నిద్ర లేదు సంతోషంతో, పొద్దున్నే మేడమ్‌కి చూపిస్తే ఆవిడ బ్లాట్ వంక చూడనేలేదు, "పాన్సో ఫోటో తీశావా" అని అడిగారు. పాన్సో అంటే ప్రొటీన్లు జెల్ నుంచి మెంబ్రేన్ మీదకి ట్రాన్స్‌ఫర్ అయిన వెంటనే మెంబ్రేన్‌ని ముంచే ఎర్ర రంగు, ముంచి నీళ్ళలో జాడిస్తే ఒక్కో లేన్ పొడుగునా గులాబీ రంగు గీతలు తేలతాయి, ఎక్కడ ఎంత ప్రొటీన్ ఎక్కిందో కంటికే కనబడుతుంది. తీయలేదు నేను. మళ్ళీ రన్ చేస్తే తేలింది ఏంటంటే 36 గంటలకి కణాలు చాలావరకు ప్లేట్ నుంచి ఊడిపోయాయి, అడినోవైరస్ సోకిన కణాలు ఉబ్బి గుండ్రంగా అయ్యి ద్రాక్ష గుత్తుల్లాగా గుంపుగా లేచిపోతాయి, నేను పైన తేలుతున్న వాటిని మీడియాతో, అంటే కణాలు పెరిగే ద్రవంతో, పాటు పారబోసి కింద అంటుకుని మిగిలిన కొద్దిపాటి వాటితో శాంపిల్ చేశాను. లేన్‌లో ప్రొటీనే లేదు, ఇక ఎమ్ఆర్ఈ11 ఎక్కడి నుంచి వస్తుంది. అప్పటినుంచి తేలే కణాలు కూడా సెంట్రిఫ్యూజ్‌లో దించి కలుపుకున్నాకే లైసిస్, అంటే కణాలు పగలగొట్టడం, చేస్తాను, మీరూ అంతే చేయండి.

మన నమూనాలో ట్యూబ్యులిన్ సమానంగానే ఉంది కాబట్టి ముందుకెళ్ళొచ్చు. ఇప్పుడు ఒక వాక్యం రాయండి, బొమ్మ చెప్పింది మాత్రమే. చాలామంది రాసేది "55కే ప్రొటీన్ ఎమ్ఆర్ఈ11ని నాశనం చేస్తుంది" అని. తప్పు. బొమ్మ చెప్పింది ఇంతే: వైరస్ పెట్టాక గంటలు గడిచేకొద్దీ ఎమ్ఆర్ఈ11 తగ్గింది, అదే సమయంలో 55కే పెరిగింది. ఎవరు తగ్గించారో బొమ్మలో లేదు. ముక్కలు చేశారా, లేక కొత్తగా తయారవడమే ఆపేశారా అన్నదీ లేదు, ఎందుకంటే అడినోవైరస్ ఇన్‌ఫెక్షన్ ఆలస్య దశలో కణం సొంత ఎమ్ఆర్ఎన్ఏలని (ప్రొటీన్ తయారీకి ఆదేశాలు మోసేవి, ఎమ్ఆర్ఎన్ జట్టుతో కలపొద్దు) న్యూక్లియస్ నుంచి బయటికి పోనివ్వకుండా ఆపేస్తుంది, దాంతో కణం ప్రొటీన్ల తయారీయే పడిపోతుంది, త్వరగా అరిగిపోయే ప్రొటీన్ అయితే అట్లా కూడా తగ్గిపోవచ్చు.

ఈ రెండోదానికి జవాబు ఒక మందుతో దొరుకుతుంది. కణంలో పనికిరాని ప్రొటీన్లని ముక్కలు చేసే యంత్రం ప్రోటియాసోమ్, దానికి పంపాల్సిన ప్రొటీన్ మీద యుబిక్విటిన్ అనే 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ గొలుసుగా తగిలిస్తారు, చిరునామా చీటీ అంటించినట్టు. దీన్ని కనిపెట్టిన చీహనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకి 2004లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఎమ్‌జీ132 అనే మందు ఆ యంత్రాన్ని ఆపేస్తుంది. వైరస్ సోకిన కణాలకి ఎమ్‌జీ132 వేస్తే ఎమ్ఆర్ఈ11 బ్యాండ్ నిలబడితే, తయారీ ఆగడం కాదు, ముక్కలవడమే కారణం అని బలంగా చెప్పొచ్చు. నిలబడుతుంది. కాకపోతే ఈ మందు మొదట్లోనే వేస్తే వైరస్ సరిగ్గా ఎదగదు, అప్పుడు కూడా బ్యాండ్ నిలబడుతుంది కానీ వేరే కారణంతో, కాబట్టి అట్లాంటి బొమ్మలో వైరస్ ప్రొటీన్ వరస కూడా ఉందో లేదో వెతకండి, అది లేకపోతే ఆ బొమ్మని నమ్మొద్దు.

ఇక "ఎవరు" అన్నదానికి మ్యూటెంట్లు, అంటే ఒక్కో జీన్ తీసేసిన వైరస్‌లు, కావాలి. రెండో బొమ్మ గీయండి, ఆరు లేన్లు, అన్నీ 36 గంటలకి. ఒకటి మాక్. రెండు మామూలు వైరస్. మూడు 55కే లేని వైరస్. నాలుగు ఓర్ఫ్6 అనే ఇంకో వైరస్ ప్రొటీన్ లేనిది. ఐదు ఓర్ఫ్3 అనే మరో వైరస్ ప్రొటీన్ లేనిది. ఆరు, ఓర్ఫ్3, ఓర్ఫ్6 రెండూ ఉండే ఈ4 అనే ముక్క మొత్తం తీసేసింది. ఎమ్ఆర్ఈ11 వరసలో ఒకటి నలుపు, రెండు ఖాళీ, మూడు నలుపు, నాలుగు నలుపు, ఐదు ఖాళీ, ఆరు నలుపు. ట్యూబ్యులిన్ అన్నింట్లో సమానం.

చదవడం కొంచెం సేపు ఆపి మీరే రాయండి, ఎవరెవరు అవసరం అని.

55కే తీసేస్తే బ్యాండ్ తిరిగొచ్చింది, ఓర్ఫ్6 తీసేసినా తిరిగొచ్చింది, అంటే ఇద్దరిలో ఎవరు లేకపోయినా పని జరగదు, ఇద్దరూ కలిస్తేనే. ఓర్ఫ్3 లేకపోయినా బ్యాండ్ పోతోంది కాబట్టి ఈ పనిలో దాని అవసరం లేదు. దీని వెనక యంత్రాంగం ఏంటంటే, ఓర్ఫ్6 కణం సొంత కల్లిన్5 అనే యుబిక్విటిన్ అంటించే సరంజామాని పట్టుకుంటుంది, 55కే వెళ్ళి ఎమ్ఆర్ఈ11 లాంటి వాళ్ళని లాక్కొచ్చి దాని ముందు నిలబెడుతుంది. చీటీ అంటించేది కణం సొంత సరంజామాయే, ముక్కలు చేసేది కణం సొంత ప్రోటియాసోమే, వైరస్ తెచ్చుకున్నది ఆ ఇద్దర్ని కలిపే రెండు ప్రొటీన్లు మాత్రమే. ఈ జంట కల్లిన్5తో కలిసి పని చేస్తుందన్నది మొదట పీ53 అనే, దెబ్బతిన్న కణం విభజనని ఆపే ప్రొటీన్ విషయంలో 2001లో బయటపడింది, మరుసటి ఏడాది 2002లో కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో మాథ్యూ వైట్జ్‌మన్ బృందం ఎమ్ఆర్ఎన్ కూడా వీళ్ళ చేతిలోనే పోతోందని చూపించారు. తర్వాత కొసలని చివరికి అతికే డీఎన్ఏ లైగేజ్ 4 కూడా అదే దారిన పోతుందని తేలింది. అంటే కొస పట్టుకునేవాడిని, ముడి వేసేవాడిని ఇద్దర్నీ తీసేస్తోంది. నా ఉద్దేశంలో ఏదో చేతికందినదాన్ని విరగ్గొట్టడం కాదిది, ఏ పనికి ఎవరు కావాలో ఆ పనివాళ్ళనే ఏరి తీసేయడం.

ఇప్పుడు అసలు కష్టమైన ప్రశ్న, దీని దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. మూడు, నాలుగు లేన్లలో ఎమ్ఆర్ఈ11 నిండుగా ఉంది కదా, మరి ఆ కణాల్లో వైరస్ డీఎన్ఏ గొలుసులుగా అతుక్కుపోవాలి కదా? చూడాలంటే వేరే రకం జెల్ కావాలి, పల్స్‌డ్ ఫీల్డ్ జెల్, కరెంటు దిశ మారుస్తూ పోతుంది కాబట్టి చాలా పొడుగాటి డీఎన్ఏ కూడా విడిపోతుంది. మామూలు వైరస్ లేన్‌లో 36 వేల దగ్గర ఒక్క బ్యాండ్. ఈ4 మొత్తం లేని వైరస్ లేన్‌లో 36, 72, 108, నిచ్చెన మెట్ల లాగా పైకి. కానీ ఓర్ఫ్6 ఒక్కటే లేని వైరస్ లేన్‌లో నిచ్చెన రాదు! ఎమ్ఆర్ఈ11 ఉంది, అయినా అతకడం లేదు.

ఎందుకో బ్లాట్ ఎప్పటికీ చెప్పలేదు. బ్లాట్ కోసం మనం కణాన్ని డిటర్జెంట్‌లో వేసి ఉడకబెట్టి చారు చేస్తాం, ప్రొటీన్ ఎంతుందో తెలుస్తుంది, ఎక్కడుందో పోతుంది. మైక్రోస్కోప్ కింద పెట్టి ఎమ్ఆర్ఈ11కి మెరిసే యాంటీబాడీ వేసి చూస్తే కథ కనబడుతుంది. వైరస్ లేని కణంలో న్యూక్లియస్ అంతా పల్చగా పరుచుకుని ఉంటుంది. ఓర్ఫ్3 ఉన్న కణంలో అదే ప్రొటీన్ న్యూక్లియస్‌లో సన్నటి పొడుగాటి గీతల్లోకి వెళ్ళి ఇరుక్కుని ఉంటుంది, పసుపు కొమ్ముని గోరుతో గీరినట్టు చిన్న చిన్న చారలు, ఆ చారలని ట్రాక్స్ అంటారు. వైరస్ డీఎన్ఏ కాపీ అయ్యే చోటు వేరు, ఎమ్ఆర్ఎన్ ఇరుక్కున్న చోటు వేరు. మనిషి ఊళ్ళోనే ఉన్నాడు, గదిలో పెట్టి గొళ్ళెం వేశారు. అందుకే అడినోవైరస్ 5కి రెండు దారులున్నాయి అంటాం, ఒకటి ముక్కలు చేయించడం, రెండోది పక్కకి లాగి కట్టేయడం, రెండూ పోతేనే, అంటే ఈ4 మొత్తం పోతేనే, నిచ్చెన కనబడుతుంది. రాసుకోండి: బ్యాండ్ ఉండటం వేరు, ప్రొటీన్ పని చేస్తూ ఉండటం వేరు.

అయితే ఆ నిచ్చెనకి ఎమ్ఆర్ఎన్‌యే కారణం అని ఎట్లా తెలుసు? ఈ4లో ఇంకా చాలా ఉన్నాయి కదా. దీనికి వైట్జ్‌మన్ బృందం చేసిన పని నాకు చాలా నచ్చుతుంది. ఎమ్ఆర్ఈ11 జీన్ పాడైన ఒక అరుదైన జబ్బు మనుషుల కణాలు తీసుకుని అందులో ఈ4 లేని వైరస్ పెట్టారు. నిచ్చెన రాలేదు. ఆ కణాలకి మంచి ఎమ్ఆర్ఈ11 తిరిగి ఇచ్చారు. నిచ్చెన వచ్చింది. తీసేసి చూడటం ఒక ఎత్తు, తిరిగి పెట్టి చూడటం ఇంకో ఎత్తు, ఏ పేపర్ చదివినా ఈ రెండో మెట్టు ఎక్కారా లేదా అని వెతకండి, ఎక్కనివి చాలా ఉంటాయి.

ఇక అభ్యాసం. ఇది మీ చేతికి వేసిన సూది దాకా వస్తుంది కాబట్టి శ్రద్ధగా చేయండి.

ల్యాబుల్లో అందరూ వాడే హెక్293 కణాలున్నాయి కదా, అవి 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫ్రాంక్ గ్రహమ్ తయారుచేసినవి, మనిషి పిండం కిడ్నీ కణాల్లోకి అడినోవైరస్ 5 డీఎన్ఏ ముక్కలు ఎక్కించి. ఆ ముక్కల్లో ఈ1 భాగం కణం క్రోమోజోమ్‌లోనే స్థిరపడిపోయింది. ఇప్పుడు ఒక స్టూడెంట్ మన రెండో బొమ్మ ప్రయోగాన్ని హెక్293లో చేశాడు. 55కే లేని వైరస్ పెట్టిన మూడో లేన్‌లో ఎమ్ఆర్ఈ11 ఖాళీగా వచ్చింది. ట్యూబ్యులిన్ సరిగ్గానే ఉంది. "55కే అవసరం లేదు, పాత పేపర్ తప్పు" అని రాశాడు. అతని తప్పు ఎక్కడుంది? రెండో ప్రశ్న, అదే కణాల్లో నాలుగో లేన్, ఓర్ఫ్6 లేని వైరస్, ఎట్లా ఉంటుందో గీయండి.

కాగితం మీద రాశాకే కిందకి రండి.

55కే వైరస్‌లో లేదు, కానీ కణంలో ఉంది. హెక్293 తన ఈ1 ముక్క నుంచి ఈ1ఏ, ఈ1బీ రెండూ తయారుచేస్తూనే ఉంటుంది, వైరస్‌కి లేని 55కేని కణమే అరువిచ్చింది. వైరస్ నుంచి ఓర్ఫ్6 వచ్చింది, జంట కుదిరింది, ఎమ్ఆర్ఈ11 పోయింది. పాత పేపర్ తప్పు కాదు, కణం ఎంపిక తప్పు. నాలుగో లేన్‌లో కణం దగ్గర 55కే ఉన్నా ఓర్ఫ్6 ఎవరి దగ్గరా లేదు కాబట్టి బ్యాండ్ నల్లగా ఉంటుంది.

సూది సంగతి ఇప్పుడు. కోవిడ్ టీకా కోవిషీల్డ్‌లో వాడింది చింపాంజీ అడినోవైరస్, మన ఒంట్లో పెరగకుండా దాని ఈ1 తీసేశారు, ఫ్యాక్టరీలో పెంచడానికి హెక్293 రకం కణాలే ఆ ఈ1ని అందించాయి. హైదరాబాద్‌లో 2021 మే 14న మొదటి డోసు వేసిన స్పుత్నిక్ వి కూడా ఇట్లా ఈ1 తీసేసిన అడినోవైరస్‌లతోనే చేసింది. కానీ కోవిషీల్డ్ వెక్టర్‌కి, అంటే టీకా జీన్‌ని మోసుకెళ్ళే వైరస్‌కి, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఇంకో మార్పు చేశారు, దాని ఈ4లో ఓర్ఫ్6తో పాటు మరో రెండు జీన్లు చింపాంజీ వైరస్‌వి తీసి అడినోవైరస్ 5వి పెట్టారు, హెక్293లో బాగా పెరగడానికి. ఎందుకు పెట్టి ఉంటారో ఇప్పుడు మీరే చెప్పగలరు, హెక్293 ఇచ్చే 55కే అడినోవైరస్ 5ది, దానికి జోడీగా అదే వైరస్ ఓర్ఫ్6 ఉంటే జంట బాగా కుదురుతుంది. ఈ జంట పని రిపేర్ ప్రొటీన్లని తీసేయడం ఒక్కటే కాదు, వైరస్ ఎమ్ఆర్ఎన్ఏలని న్యూక్లియస్ నుంచి బయటికి పంపడంలోనూ దీనికే ప్రధాన పాత్ర, పెరుగుదలలో ఏది ఎంత అన్నది ఒక్క బ్లాట్‌తో విడదీయలేం.

వచ్చే భాగంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే పాపిలోమా వైరస్. దాని డీఎన్ఏ దాదాపు 8 వేల బేస్ జతలు, గుండ్రం, కొసలే లేవు. అది ఏటీఎమ్‌ని ఆపదు, తనే లేపి, తన కాపీలు పెంచుకోవడానికి వాడుకుంటుంది. ఈలోగా ఒక పని చేసి ఉంచండి: కొసలు లేని వైరస్‌కి రిపేర్ వాళ్ళతో ఏం పని ఉండొచ్చో మూడు ఊహలు రాయండి, ఒక్కో ఊహ తప్పైతే బ్లాట్‌లో ఏం కనబడాలో దాని పక్కనే గీయండి, ట్యూబ్యులిన్ వరసతో సహా.